‘ఫీల్స్ లైక్’ ఉష్ణోగ్రత లెక్క: థర్మామీటర్ నుంచి తుది అంకె దాకా

ఫోన్‌లో 34 డిగ్రీలు అని ఉంటుంది. దాని కిందే చిన్న అక్షరాల్లో ‘ఫీల్స్ లైక్ 46’ అని ఉంటుంది. మొదటి అంకెను పరికరం కొలిచింది. రెండోదాన్ని కొలిచే పరికరం లేదు, అది లెక్కగట్టి తీసింది. గాలి వేడి, గాలిలో తేమ, గాలి వేగం అనే మూడింటిలో సూత్రానికి కావలసినవి వేస్తే వచ్చే విలువ అది.

ఆ లెక్కను ఇంట్లోనో, కాలేజీలోనో, పొలం దగ్గరో సొంతంగా చేసుకోవడం ఎలాగో ఇక్కడ వరుసగా ఉంది. సూత్రం కష్టమైనదేమీ కాదు, కాలిక్యులేటర్ చాలు. తప్పులన్నీ దాదాపు తేమ దగ్గరే జరుగుతాయి కాబట్టి ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.

## 1. ముందు ఏ సూత్రమో తేల్చుకోండి

వాతావరణ కేంద్రాలు అన్ని వేళలా ఒకే సూత్రం వాడవు. ఎక్కువ చోట్ల పద్ధతి ఇది:

- గాలి ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, ఆపైన ఉంటే: హీట్ ఇండెక్స్. ఉష్ణోగ్రత, తేమ మాత్రమే కావాలి.
- 10 డిగ్రీలు, అంతకు తక్కువ ఉండి, గాలి గంటకు 4.8 కిలోమీటర్లు దాటితే: విండ్ చిల్. ఉష్ణోగ్రత, గాలి వేగం కావాలి.
- ఈ రెండింటి మధ్య ఉంటే: థర్మామీటర్ చూపించిందే ‘ఫీల్స్ లైక్’.

మన ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ రోజులు మొదటి గీత కిందకే వస్తాయి. అందుకే ముందు హీట్ ఇండెక్స్.

## 2. కావలసినవి

రెండు దారులున్నాయి: రెండు థర్మామీటర్ల పద్ధతి, ఎలక్ట్రానిక్ సెన్సర్ పద్ధతి. మొదటిది చవక. పైగా తప్పు ఎక్కడ జరిగిందో కంటికి కనిపిస్తుంది. సెన్సర్ వాడేవాళ్లు కూడా సరిచూసుకోవడానికి థర్మామీటర్ల జత దగ్గర ఉంచుకోవాలి.

థర్మామీటర్ల పద్ధతికి:

- ఒకే రకం గాజు థర్మామీటర్లు 2, కనీసం 50 డిగ్రీల దాకా, అర డిగ్రీ గీతలతో
- తెల్లటి పలుచని మల్లు గుడ్డ, నూలు దారం
- బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్
- చిన్న గాజు సీసా
- టేబుల్ ఫ్యాన్

సెన్సర్ కొనేవాళ్లకు ఒక మాట. డీహెచ్‌టీ11 చవకే కానీ ఈ పనికి పనికిరాదు. ఉష్ణోగ్రతలోనే 2 డిగ్రీల దాకా తేడా రావచ్చు. ఎస్‌హెచ్‌టీ31 తేమలో సుమారు 2 శాతం తేడాతో చదువుతుంది, ఈ లెక్కకు అది సరిపోతుంది. బీఎంఈ280 తనంతట తాను కొంచెం వేడెక్కుతుంది. దాన్ని సర్క్యూట్ బోర్డుకు అంటించి పెడితే ఉష్ణోగ్రత ఎక్కువ, తేమ తక్కువ చూపిస్తుంది.

## 3. పరికరాలు ఎక్కడ పెట్టాలి

వాతావరణ కేంద్రాల్లో థర్మామీటర్లను స్టీవెన్సన్ స్క్రీన్ అనే తెల్లటి చెక్కపెట్టెలో ఉంచుతారు. నాలుగు వైపులా వాలు రెక్కలుంటాయి. గాలి పోతుంది, ఎండ తగలదు. ఇంట్లో దానికి బదులు పూలకుండీల కింద పెట్టే తెల్లటి ప్లాస్టిక్ ప్లేట్లు 7 లేదా 8 తీసుకోండి. బోర్లించి, ఒకదానికొకటి ఒకటిన్నర సెంటీమీటర్ల ఎడం వచ్చేలా మూడు పొడవాటి బోల్టులకు గుచ్చండి. పై రెండు ప్లేట్లు తప్ప మిగతావాటికి నడుమ రంధ్రం చేస్తే సెన్సర్ అందులో వేలాడుతుంది.

పెట్టే ముందు చూసుకోవలసినవి:

- నేల నుంచి 1.25 మీటర్లు, 2 మీటర్ల మధ్య ఎత్తు
- కింద గడ్డి లేదా మట్టి. సిమెంటు, టైల్స్ వద్దు
- గోడకు ఆనించకూడదు
- ఏసీ అవుట్‌డోర్ యూనిట్, కూలర్, వంటింటి కిటికీ దగ్గర ఉండకూడదు
- పెట్టె తలుపు ఉత్తరానికి

డాబా మీద పెడితే వచ్చేది గాలి ఉష్ణోగ్రత కాదు, స్లాబు వేడి. సాయంత్రం ఏడయినా స్లాబు చల్లారదు కనుక రాత్రి అంకెలు కూడా చెడతాయి.

తలుపు ఉత్తరానికి ఉన్నా మన దగ్గర ఒక చిక్కుంది. హైదరాబాద్, విశాఖ అక్షాంశాల్లో మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరానే ఉంటాడు. ఆ నెలల్లో తలుపు తీసినప్పుడు మీ నీడ పెట్టె మీద పడేలా నిలబడి, గబగబా చదివి మూసేయండి.

## 4. పొడి బల్బు, తడి బల్బు చదవడం

ఒక థర్మామీటర్‌ను అలాగే వదిలేస్తాం. అది పొడి బల్బు, గాలి ఉష్ణోగ్రత చెబుతుంది. రెండోదాని బల్బుకు తడి గుడ్డ చుడతాం. నీరు ఆవిరయ్యే కొద్దీ అది చల్లబడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత కిందికి దిగుతుంది. రెండింటి తేడాలోనే తేమ దాగి ఉంది.

(1) ముందు రెండు థర్మామీటర్లనూ గుడ్డ లేకుండా పక్కపక్కన అరగంట నీడలో ఉంచండి. తేడా ఉంటే రాసుకుని, ఇకముందు ప్రతిసారీ సరిదిద్దుకోండి.

(2) గుడ్డను నీళ్లలో మరిగించి, గంజి పూర్తిగా పోయేదాకా ఉతకండి. కొత్త గుడ్డ గంజితో నీటిని పీల్చదు.

(3) బల్బు చుట్టూ ఒక్క పొర చుట్టి, రెండు సెంటీమీటర్లు పైదాకా తెచ్చి దారంతో కట్టండి. మడతలు పడితే లోపల నీరు నిలిచి అంకె దిగదు.

(4) గుడ్డ కొసను సీసాలోని డిస్టిల్డ్ వాటర్‌లో వేయండి. సీసా సరిగ్గా బల్బు కింద కాకుండా కాస్త పక్కకు, నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. కుండనీళ్లు, ఫ్రిజ్ నీళ్లు పోయకండి. నీరు గాలి వేడికే రావాలి.

(5) ఫ్యాన్ వేయండి. బల్బు మీద గాలి సెకనుకు కనీసం రెండున్నర మీటర్ల వేగంతో ఆడాలి. టేబుల్ ఫ్యాన్ మీడియంలో పెడితే అడుగున్నర దూరంలో ఆ గాలి తగులుతుంది.

(6) మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగండి. తడి బల్బు దిగి దిగి ఒకచోట నిలబడుతుంది. రెండుసార్లు వరసగా అదే అంకె వస్తే ముందు తడి బల్బు, వెంటనే పొడి బల్బు చదవండి. ఊపిరి తగలకుండా, కన్ను పాదరసం మట్టానికి సమానంగా ఉంచి చదవండి.

గుడ్డను వారానికోసారి మార్చండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి వల్ల ఇంకా ముందే మార్చాలి. పసుపు రంగు తిరిగినా, ముట్టుకుంటే గరుగ్గా ఉన్నా దాని పని అయిపోయినట్టే.

## 5. తేమ శాతం రాబట్టడం

గాలి ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర ఎంత ఆవిరి పట్టగలదో చెప్పేది సంతృప్త ఆవిరి పీడనం. హెక్టోపాస్కల్ అనే పీడన కొలతలో:

- 23 డిగ్రీలు: 28.1
- 24: 29.8
- 25: 31.7
- 26: 33.6
- 27: 35.7
- 28: 37.8
- 29: 40.1
- 30: 42.4
- 31: 44.9
- 32: 47.6
- 33: 50.3
- 34: 53.2
- 35: 56.2
- 36: 59.4
- 38: 66.3
- 40: 73.8
- 42: 82.0
- 43: 86.4

లెక్క మూడు అడుగులు. మే నెలలో విశాఖ లాంటి చోట మధ్యాహ్నం పొడి బల్బు 34, తడి బల్బు 29 అనుకుందాం.

- తేడా 5 డిగ్రీలు. దాన్ని 0.67తో గుణిస్తే 3.35.
- తడి బల్బు విలువ దగ్గరి పీడనం 40.1. అందులోంచి 3.35 తీసేస్తే 36.75. గాలిలో నిజంగా ఉన్న ఆవిరి ఇంత.
- పొడి బల్బు దగ్గరి పీడనం 53.2. 36.75ను 53.2తో భాగించి 100తో గుణిస్తే 69 శాతం.

0.67 అనేది 0.000662ను గాలి పీడనంతో గుణిస్తే వచ్చింది. తీరంలో వేసవి పీడనం 1005 హెక్టోపాస్కల్ అనుకున్నాం. హైదరాబాద్ అర కిలోమీటరుకు మించిన ఎత్తులో ఉంది కనుక అక్కడి పీడనం సుమారు 945, గుణకం 0.63. వార్తల్లో చెప్పే పీడనం సముద్రమట్టానికి సవరించినది. హైదరాబాద్ లెక్కకు దాన్ని వాడకూడదు.

ఫ్యాన్ లేకుండా పెట్టెలోని సహజమైన గాలితోనే చదివితే తీరంలో గుణకం 0.80 అవుతుంది. ఫ్యాన్ వేసి 0.80, వేయకుండా 0.67 కలిపేస్తే తేమ తప్పుతుంది.

పరికరాలేవీ లేకుండా కూడా ఒక దారి ఉంది. విమానాశ్రయాల వాతావరణ నివేదికలో ‘33/26’ లాంటి రెండంకెలు ఉంటాయి. మొదటిది గాలి ఉష్ణోగ్రత, రెండోది మంచు బిందువు (డ్యూ పాయింట్), అంటే గాలి చల్లబడుతూ పోతే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. మంచు బిందువు దగ్గరి పీడనమే గాలిలో ఉన్న ఆవిరి. 26 దగ్గర 33.6, 33 దగ్గర 50.3. భాగిస్తే 67 శాతం. అంతే.

## 6. హీట్ ఇండెక్స్ లెక్క

అమెరికా వాతావరణ సేవా విభాగం 1990 నుంచి వాడుతున్న తొమ్మిది పదాల సూత్రం, సెల్సియస్‌లోకి మార్చినది, ఇది. ‘ఉ’ అంటే ఉష్ణోగ్రత, ‘తే’ అంటే తేమ శాతం. 69 శాతం అయితే 69 అనే వేయాలి, 0.69 కాదు. పక్కన 34 డిగ్రీలు, 69 శాతానికి వచ్చే విలువలు.

1. −8.784695 → −8.78
2. +1.61139411 × ఉ → +54.79
3. +2.338549 × తే → +161.36
4. −0.14611605 × ఉ × తే → −342.79
5. −0.012308094 × ఉ² → −14.23
6. −0.016424828 × తే² → −78.20
7. +0.002211732 × ఉ² × తే → +176.42
8. +0.00072546 × ఉ × తే² → +117.43
9. −0.000003582 × ఉ² × తే² → −19.71

అన్నీ కూడితే 46.3 డిగ్రీలు.

తొమ్మిదో గుణకం చూడండి. సున్నాలు ఎక్కువున్నాయి కదా, వదిలేద్దాం అనిపిస్తుంది. అది ఒక్కటే ఈ లెక్కలో దాదాపు 20 డిగ్రీలు తగ్గించింది. గుణకాల్లో ఒక్క అంకె కూడా కుదించకండి. చివరి జవాబును మాత్రమే సవరించండి.

తేమ 85 శాతం దాటి ఉష్ణోగ్రత 27, 31 మధ్య ఉన్నప్పుడు, తేమ 13 శాతం కన్నా తగ్గినప్పుడు అసలు పద్ధతిలో చిన్న సవరణలు ఉన్నాయి. ఎక్కువసార్లు అవి అర డిగ్రీ లోపే ఉంటాయి. ఇంటి లెక్కకు వదిలేయవచ్చు.

## 7. షీటు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి

స్ప్రెడ్‌షీట్‌లో సూత్రం ఎక్కించాక ఈ నాలుగు జతలు వేసి చూడండి:

- 34 డిగ్రీలు, 69 శాతం: 46.3
- 43 డిగ్రీలు, 20 శాతం: 43.9
- 38 డిగ్రీలు, 48 శాతం: 47.5
- 30 డిగ్రీలు, 85 శాతం: 39.1

పాయింట్ తర్వాత ఒక అంకె దాకా సరిపోవాలి. లేకపోతే ఎక్కడో గుణకమో, గుర్తో తారుమారైంది.

మొదటి రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూడండి. థర్మామీటర్ ప్రకారం రామగుండం లాంటి చోట 43 అంటే విశాఖ 34 కన్నా 9 డిగ్రీలు ఎక్కువ. ఒంటికి మాత్రం విశాఖే బరువు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, ఉక్కపోతలో చెమట ఆరదు. నాలుగో వరస తీరప్రాంతపు రాత్రి. గాలి 30 డిగ్రీలే, ఒంటికి తగిలేది 39.

## 8. ఎక్కువగా జరిగే పొరపాట్లు

పొద్దుటి తేమ, మధ్యాహ్నపు వేడి. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. రోజువారీ పట్టికల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత పక్కన ఉదయం 8:30 తేమ ఉంటుంది. రెండూ తీసుకుని సూత్రంలో వేసేస్తారు. గరిష్ఠం 38, పొద్దుటి తేమ 75 అనుకోండి. జవాబు 66.7 వస్తుంది. సోషల్ మీడియాలో గుండెలదిరే అంకెలు కొన్ని ఇలా పుట్టినవే.

నిజానికి జరిగేది వేరు. పొద్దున 30 డిగ్రీల దగ్గర 75 శాతం అంటే గాలిలో ఉన్న ఆవిరి 31.8. మధ్యాహ్నం గాలి 38కి వేడెక్కినా ఆవిరి అంతే ఉందనుకుంటే, 66.3లో 31.8 అంటే 48 శాతమే. హీట్ ఇండెక్స్ 47.5. తేడా 19 డిగ్రీలు. ఉష్ణోగ్రత, తేమ రెండూ ఒకే నిమిషానివి కావాలి. మధ్యాహ్నపు లెక్కకు 2:30 పరిశీలన వాడండి.

మురికి గుడ్డ. పై ఉదాహరణలో తడి బల్బు 29 బదులు 30 చూపించిందనుకోండి. తేమ 69 నుంచి 75కి, హీట్ ఇండెక్స్ 46.3 నుంచి 49.4కి పోతుంది. తడి బల్బులో ఒక డిగ్రీ తప్పు, జవాబులో మూడు డిగ్రీలవుతుంది.

సెన్సర్ తేమ పక్కదారి పట్టడం. తీరంలో రెండేళ్లు బయట ఉన్న సెన్సర్‌ను నమ్మే ముందు ఉప్పు పరీక్ష చేయండి. సీసా మూతలో వంటుప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేలా కొన్ని చుక్కల నీరు కలపండి. కరిగిపోకూడదు. సెన్సర్‌తో పాటు గాలి చొరబడని జిప్ సంచిలో పెట్టి, ఉప్పు తగలకుండా చూసి, రాత్రంతా ఒకే ఉష్ణోగ్రత ఉన్న గదిలో వదిలేయండి. పొద్దుటికి 75 శాతం చూపించాలి. 81 చూపిస్తే 6 తగ్గించుకోండి. తేడా పది దాటితే సెన్సర్ మార్చడమే మేలు.

చల్లటి వేళ పెద్ద సూత్రం. 20 డిగ్రీలు, 50 శాతానికి వేస్తే 25 అని వస్తుంది. అది అర్థంలేని జవాబు. 27 కన్నా తక్కువైతే సూత్రం ముట్టకండి.

ఫారన్‌హీట్ గుణకాలు. మొదటి పదం −42.379 అని ఉంటే అది ఫారన్‌హీట్ సూత్రం. అందులో సెల్సియస్ వేయకూడదు.

## 9. రెండు యాప్‌లలో రెండు అంకెలు ఎందుకు

సూత్రాలు వేరు. హీట్ ఇండెక్స్‌లో గాలి వేగం పదం లేదు. నీడలో, తేలికపాటి గాలిలో నడిచే సగటు మనిషిని ఊహించుకుని కట్టిన లెక్క అది. ఆస్ట్రేలియా వాతావరణ సంస్థ సూత్రంలో గాలి ఉంటుంది:

గాలి ఉష్ణోగ్రత + 0.33 × ఆవిరి పీడనం − 0.70 × గాలి వేగం − 4

ఇక్కడ గాలి వేగం సెకనుకు మీటర్లలో, 10 మీటర్ల ఎత్తున కొలిచింది. మన 34 డిగ్రీల ఉదాహరణకు గాలి 2 మీటర్లయితే 40.7 వస్తుంది. సముద్రపు గాలి తిరిగి 6 మీటర్లకు చేరితే 37.9. అదే మధ్యాహ్నం, అదే చోటు, ఒక సూత్రం 46 అంటే ఇంకోటి 38 అంటుంది. రెండూ తప్పు కాదు. నిన్నటితో నేటిని, ఒక ఊరితో ఇంకో ఊరిని పోల్చేటప్పుడు మాత్రం ఒకే సూత్రానికి కట్టుబడండి.

## 10. చలి వైపు లెక్క

ఇది విండ్ చిల్ సూత్రం. మొదట గాలి వేగాన్ని గంటకు కిలోమీటర్లలో తీసుకుని 0.16 ఘాతానికి పెంచండి. దాన్ని ‘గా’ అందాం.

13.12 + 0.6215 × ఉ − 11.37 × గా + 0.3965 × ఉ × గా

షికాగోలోనో టొరంటోలోనో జనవరిలో −10 డిగ్రీలు, గాలి 30 కిలోమీటర్లు అనుకోండి. ‘గా’ విలువ 1.723. జవాబు −19.5. మొదటి శీతాకాలం చూస్తున్న మనవాళ్లు కోటు ఎంచుకోవలసింది ఈ అంకె చూసి.

లంబసింగి తెల్లవారుజాము చలికి ఈ సూత్రం పెద్దగా పనికిరాదు. అలాంటి గట్టి చలి మబ్బులేని, గాలి నిలిచిపోయిన రాత్రుల్లో పడుతుంది. గాలి 4.8 కిలోమీటర్లు దాటకపోతే థర్మామీటర్ అంకే జవాబు.

## 11. వచ్చిన అంకెతో ఏం చేయాలి

భారత వాతావరణ శాఖ 2023లో ప్రయోగాత్మకంగా హీట్ ఇండెక్స్ పటాలు మొదలుపెట్టింది. రంగులు ఇలా ఉంటాయి: 35 లోపు ఆకుపచ్చ, 36 నుంచి 45 పసుపు, 46 నుంచి 55 నారింజ, 55 దాటితే ఎరుపు. మన 46.3 నారింజలోకి, 43 డిగ్రీల పొడి ఊరు 43.9తో పసుపులోకి వస్తాయి.

పసుపు అని చూసి పొడి ఎండను తేలిగ్గా తీసుకోకండి. వడగాలుల హెచ్చరికకు అసలు ఉష్ణోగ్రతే కొలమానం. మైదానాల్లో 40, తీరంలో 37 చేరాక మామూలు కంటే ఎంత ఎక్కువుందో చూస్తారు. 43 డిగ్రీల పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియకుండా ఒంట్లో నీరు పోతుంది.

హీట్ ఇండెక్స్ నీడకు చెందిన అంకె. నేరుగా ఎండలో ఉంటే 8 డిగ్రీల దాకా ఎక్కువ అనిపించవచ్చు. కాబట్టి పొలంలో, రోడ్డు పనిలో, ఆటస్థలంలో ఉన్నవాళ్ల కోసం లెక్క చూస్తుంటే ఇంకో రెండు కొలతలు చేర్చండి:

- నల్లరంగు వేసిన 15 సెంటీమీటర్ల రాగి గోళం నడుమ థర్మామీటర్, నేరుగా ఎండలో
- తడి బల్బు కూడా ఎండలోనే, ఫ్యాన్ లేకుండా

అరగంట ఆగి, తడి బల్బుకు 0.7, గోళానికి 0.2, నీడలోని పొడి బల్బుకు 0.1 చొప్పున గుణించి కూడండి. తడి 30, గోళం 48, పొడి 36 అయితే 21 + 9.6 + 3.6, మొత్తం 34.2. దీన్ని హీట్ ఇండెక్స్ రంగులతో పోల్చకూడదు, దీని కొలబద్ద వేరు. ఇందులో 30కి చేరకముందే బరువు పని మధ్య విరామాలు పెంచాలి. 34 అంటే పార, గడ్డపార పక్కన పెట్టి చెట్టు నీడకు చేరవలసిన వేళ.